తెల్లకంబళి నాలుగో కొస

కోక్‌దష్త్ రాజ్యానికి కోట లేదు, పేట లేదు. నాలుగు గోడల మధ్య పడుకుంటే కలలు రావని ఆ జనం నమ్మకం. గొర్రెలు ఎటు మేతకు పోతే రాజధాని అటే పోతుంది, సింహాసనం బండికెత్తుకుని మరీ. ఆ కదిలే రాజధానిని వాళ్లు ఓర్దా అంటారు. వసంతం వచ్చి సిర్‌సూ నది ఒడ్డున పచ్చిక మోకాలెత్తు లేచింది. దానినిండా ఎర్రపూలు విరగబూశాయి. దూరాన హిమశిఖరాలు ఎండకు తళతళలాడుతున్నాయి. ఆ పచ్చిక నడుమ వేలకొద్దీ కంబళి గుడారాలు, ఒక్కోదాని నెత్తిన సన్నటి పొగ, వాటన్నిటి మధ్య ఖానుగారి తెల్ల గుడారం. చూడ్డానికి రెండు కళ్లూ చాలవనుకోండి.

ఆ ఓర్దాకు ఏలిక, ఉజ్బెకు గణాలన్నిటినీ ఒక్క జెండా కిందికి తెచ్చిన వీరుడు కోచ్‌కారు ఖాను. ఆ మహానుభావుడు ఈ పూట తన సొంత ఓర్దా బయట, ఒక ముసలి ఒంటె పగ్గం పట్టుకుని, దిక్కులేనివాడిలా నిలబడి ఉన్నాడు.

మారువేషం వేశాడు కాబోలు, గడ్డం అతికించాడు కాబోలు అనుకునేరు! అదేం కాదు. ఆ ముఖమే అతనిది కాదు. పోయిన శరత్తులో వేటకు వెళ్లినప్పుడు కారాబక్షి అనే మాంత్రికుడు అతన్ని ఉప్పుమడుగు దగ్గర మత్తులో ముంచి, ముఖాన్ని పండు తొక్కలా ఒలిచి, తన శిష్యుడికి తొడిగాడు. దారిలో చచ్చిన ఒక ఒంటెలవాడి ముఖం తెచ్చి ఖానుకు అంటించాడు. పైగా ఒక శాపం. "నేను ఫలానా అని నోటితోగాని సైగతోగాని చెప్పుకున్నావో, నిలువునా ఉప్పుబొమ్మవైపోతావు!" అన్నాడు. ఖానును పాడుబావిలో తోసేసి, దొంగ ఖానును గుర్రమెక్కించుకుని ఓర్దాకు వెళ్లిపోయాడు. బావిలోంచి బయటపడటానికీ, కాలినడకన ఇక్కడిదాకా రావడానికీ అసలు ఖానుకు చలికాలమంతా పట్టింది.

ఇవాళే పనిగట్టుకుని ఎందుకొచ్చాడంటే, ఇవాళ తెల్లకంబళి పండుగ. కోక్‌దష్త్‌లో ఖానుకు కిరీటం పెట్టరు. తెల్ల ఉన్నికంబళి మీద కూర్చోబెట్టి, నాలుగు గణాల పెద్దలు నాలుగు కొసలూ పట్టుకుని మూడుసార్లు ఆకాశంలోకి ఎత్తుతారు. కోచ్‌కారు చిన్నవయసులోనే ఆ కంబళి ఎక్కాడు. "ఖానుగారు జబ్బుచేసి బతికారు, ఇది మరుజన్మ కదా, మళ్లీ ఎత్తాలి" అని కారాబక్షి పెద్దలందరినీ ఒప్పించాడు. వాడి అసలు పన్నాగం వేరే ఉంది, ఖానును బావిలో తోస్తూ ఎగతాళిగా వాడే చెప్పాడు. మూడో ఎత్తు పూర్తయిందా, దొంగిలించిన ముఖం దొంగకే శాశ్వతంగా అంటుకుపోతుంది. ఈలోగా కంబళి నేలను తాకిందా, ఊడిపోతుంది. అప్పుడు కోచ్‌కారు ఒంటెలవాడిగానే బతికి, ఒంటెలవాడిగానే చావాలి.

రాజ్యం పోతే పోయింది, దానికంటే పెద్ద దిగులు ఇంకొకటి అతని గుండెలో మెలిపెడుతోంది. లోపల అమ్మ ఉంది. ఐచెచెక్ బేగం. కొడుకు ముఖంతో తిరుగుతున్న ఆ పరాయివాణ్ణి చూసి, 'నా బిడ్డ మనసు ఇలా రాయి అయిపోయిందేమిటా' అని కుమిలిపోతూ ఉంటుంది. ఆ కుమిలింపుతోనే కన్నుమూస్తుందేమోనని ఖాను భయం.

ఓర్దా చుట్టూ ఇసుక సుడి కాపలా తిరుగుతోంది. అది కారాబక్షి పెట్టిన కావలి. ఖాను చూస్తుండగానే ఒక రౌతు దానికి ఎదురువెళ్లాడు. గుర్రమూ మనిషీ కూడా మాయమయ్యారు, టోపీ ఒక్కటి వచ్చి ఇవతల పడింది.

ఖాను తలపాగా విప్పి ఒంటె కళ్లకు గంతలు కట్టాడు. చిన్నప్పుడు నాన్న నేర్పిన పాఠం అది. 'గాలికి ఎదురెళ్లకు. దానితోపాటే తిరుగుతూ, తిరుగుతూ, మెల్లగా లోపలికి జరుగు.' ఒంటె పక్కటెముకలకు చెంప ఆనించి సుడిలోకి దిగాడు. ఇసుక సూదుల్లా గుచ్చుకుంది. ఊపిరాడలేదు. చెవుల్లో వేయి గొంతులు "ఎవరు నువ్వు? పేరు చెప్పు! పేరు చెప్పు!" అని అరిచాయి. పేరు నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగించి మింగేశాడు. ఒక చుట్టు తిరిగాడు, ఇంకో చుట్టు తిరిగాడు, చుట్టుచుట్టుకూ ఒక అడుగు లోపలికి జరిగాడు. ఉన్నట్టుండి గాలి ఆగింది, ఎండ తగిలింది. ఒంటె ఒళ్లు దులుపుకుని, ఇంత కష్టానికీ కారణం నువ్వేనన్నట్టు అతని భుజం మీద ఉమ్మింది.

"ఏయ్ తాతా! ఎక్కణ్ణుంచి ఊడిపడ్డావ్?" కాపలా రౌతు ఈటె అడ్డం పెట్టాడు.

"ఉప్పు తెచ్చాను నాయనా. పండగ పూట ఓర్దాకు ఉప్పు వద్దంటారా?"

"ఉప్పా! ముందే చెప్పొద్దూ? పో, పో. తెల్ల గుడారానికే తీసుకెళ్లు. ఇవాళ ఎవరొచ్చినా తిండి పెట్టమని పెద్దమ్మగారి ఆజ్ఞ."

పెద్దమ్మగారంటే అమ్మే! ఖాను ఒంటెను అదిలించి అడుగు వేగం పెంచాడు.

గుడారాల మధ్యగా నడుస్తుంటే ప్రాణం విలవిలలాడింది. ఎండుపేడ పొగ వాసన. తోలుతిత్తిలో పులిసిన గుర్రప్పాలు చిలుకుతున్న చప్పుడు. ఆ కుమిస్ చిలికే కర్ర పట్టుకుని పసితనంలో ఎన్నిసార్లు ఒళ్లంతా పాలు పోసుకున్నాడో, అమ్మ ఎన్నిసార్లు చెవి మెలేసిందో! ఆడపిల్లలు గుర్రాల పాలు పితుకుతూ పాడుకుంటున్నారు. ఆ చరణం తర్వాత ఏ చరణం వస్తుందో అతనికి తెలుసు. కొత్త గుర్రప్పిల్ల ఒకటి కాళ్లు నిలదొక్కుకోవడానికి తంటాలు పడుతూ తల్లి చుట్టూ తిరుగుతోంది. దాని తల్లికి పేరు పెట్టింది తనే. ఇదంతా నాదే కదా, నా ఇల్లే కదా, అయినా ఒక్కరూ నా వంక చూడరేం అనుకున్నాడు ఖాను. ఏ వయసువాడికైనా సొంత ఇంటి ముందు పరాయివాడు కావడం కంటే కష్టం ఏముంటుంది చెప్పండి.

తెల్ల గుడారంలో విందు మొదలైంది. గడప తొక్కకుండా దాటి, అలవాటుగా పైవరసకు వెళ్లబోయి, నాలుక్కరుచుకుని గుమ్మం పక్కనే కూలబడ్డాడు. ఒంటెలవాడి చోటు అదే. ఎవరో ఉప్పు అద్దిన రొట్టెముక్క ఇస్తే అందుకుని తిన్నాడు. ఎదురుగా, తన పులితోలు మీద, తన ముఖం వేసుకుని ఆ దొంగ కూర్చున్నాడు. వాడి పక్కన కారాబక్షి. నల్ల అంగీ, మెడలో ఎముకల దండ, కొంగ మెడలాంటి మెడ. ఆ పక్కన అమ్మ.

ఎంత చిక్కిపోయింది! ఎప్పుడూ నిటారుగా కూర్చునే మనిషి వంగిపోయింది. కళ్ల చుట్టూ నల్లటి చారలు. ముందున్న పళ్లెంలో రొట్టె అలాగే ఉంది.

"తినండి పెద్దమ్మా, కొంచెమైనా," బతిమాలుతున్నాడు తుల్గన్. తుల్గన్ అశ్వశాలల పెద్ద, నాలుగు గణాల్లో ఒకదానికి నాయకుడు, ఖానుకు గుర్రమెక్కడం నేర్పినవాడు.

"ఆకలి లేదు తుల్గన్. ఈమధ్య ఆకలే వెయ్యట్లేదు."

దొంగ ఖాను అటు తిరిగి కూడా చూడలేదు. ఎవరో తంత్రీవాద్యం అందుకున్నారు. నాన్న బతికున్నప్పుడు సాయంకాలాలు వాయించుకునే పాట అది. నాన్న మడిచిన కాళ్లు, సగం మూసిన కళ్లు, పాట మధ్యలో ఆగి గుర్రప్పాలు తాగి "ఆ, ఎక్కడున్నాం?" అని నవ్వడం, అన్నీ ఒక్కసారి కళ్లముందుకొచ్చాయి. ఖాను ఆ సాయంకాలాల్లోకి వెళ్లిపోయాడు. గుడారం మరిచాడు, శాపం మరిచాడు, ముఖం మరిచాడు.

సరిగ్గా అప్పుడే గొర్రెతలకాయ వచ్చింది. ఉజ్బెకుల విందులో ఏ ఎముక ఎవరికో ముందే రాసిపెట్టినట్టుంటుంది. తొడ పెద్దలకు, పక్కటెముకలు అల్లుళ్లకు, మెడ పనివాళ్లకు. తలకాయ మాత్రం ఖానుకే. ఖాను కత్తి తీసి మొదట కుడిచెవి కోసి, ఇంట్లో అందరికంటే చిన్నబిడ్డకు ఇస్తాడు, పెద్దల మాట వింటూ పెరగమని. వడ్డించేవాడు పళ్లెం మోసుకొస్తూ గడప దగ్గర చెయ్యి కాలి, "అబ్బా!" అని దాన్ని దించాడు. దించింది ఒంటెలవాడి ఒళ్లోకే.

ఖాను చెయ్యి తనంతట తనే కదిలింది. నడుము నుంచి కత్తి తీసింది. కుడిచెవి కోసింది. అతను లేచి, ఆ చెవిని అరచేతిలో పెట్టుకుని, బారులు తీరిన పెద్దల ముందు నుంచి నడిచివెళ్లి, వంగి, తల్లి చేతిలో పెట్టాడు.

పాట ఆగిపోయింది.

అప్పుడు గాని ఖానుకు తెలివి రాలేదు. తెలిసి చేసిన సైగ కాదు గనక శాపం తగల్లేదు. ఏం చేశాను నేను!

"ఒంటెలవాడికి తలకాయా!" ఎవరో ముసిముసిగా నవ్వారు. "పైగా చెవి ముసలమ్మకా? పసిబిడ్డకివ్వాలని కూడా తెలీదు ఎర్రిబాగులోడికి!"

ఐచెచెక్ బేగం నవ్వలేదు. అరచేతిలోకి చూస్తూ ఉండిపోయింది. ఆ ఇంట్లో పసిబిడ్డలు లేరు. కోచ్‌కారుకు సంతానం కలగలేదు. పెద్ద ఖాను చనిపోయిన ఏడు, దుఃఖంతో ఆమె అన్నం మానేసి కూర్చుంటే, కొడుకు ఇలాగే చెవి కోసి తెచ్చి, "అమ్మా, ఇప్పుడీ ఇంట్లో పసిదానివి నువ్వే. నా మాట విను, తిను" అన్నాడు. ఆమె ఏడుస్తూ నవ్వుతూ తింది. అది మొదలు ఇంట్లో జరిగే ప్రతి విందులోనూ చెవి అమ్మకే. బయట విందుల్లో ఆనవాయితీ ప్రకారం పిల్లలకిచ్చేవాడు. ఇంట్లో మాత్రం, ఇద్దరి మధ్యా, అదొక ముచ్చట. ఆ సంగతి కారాబక్షికి ఎవరు చెబుతారు? అందుకే చలికాలమంతా దొంగ ఖాను చెవిని మాంత్రికుడి మేనకోడలి పిల్లకిస్తూ వచ్చాడు. ఇచ్చిన ప్రతిసారీ ఈ తల్లి గుండె ఒకసారి విరిగింది.

ఆమె తలెత్తింది. ఎండకు మాడిన ఆ ముసలి ముఖంలోకి, గుంటలు పడిన ఆ పరాయి కళ్లలోకి చాలాసేపు చూసింది. తర్వాత చెవిని నోట్లో వేసుకుని, మెల్లగా నమిలి, మింగింది. నెలల తర్వాత ఆమె తిన్న మొదటి ముద్ద అది. ఖాను కళ్లలో నీళ్లు ఆగలేదు.

కారాబక్షి ముఖం నల్లబడింది. వాడు తెలివితక్కువవాడు కాదు కదా. "పట్టుకోండి వాణ్ణి! గూఢచారి!" అని గర్జించాడు.

రౌతులు కత్తులు దూశారు. తుల్గన్ మధ్యలో నిలబడ్డాడు. "ఆగండ్రా! ఈ కప్పు కింద ఉప్పు తిన్నాడు. గడప దాటేదాకా వాడు అతిథి. అతిథి మీద చెయ్యేస్తే ఆ చెయ్యి నరుకుతాం, తెలీదూ?"

"అయితే దాటనీ," కారాబక్షి నవ్వాడు. "కంబళి ఎత్తేది బయటే కదా. అందరం దాటాల్సిందే. దాటిన మరుక్షణం వీడి తల నాది."

గుడారం చుట్టూ ఈటెలు మోహరించాయి. నిజం అరిచి చెబుదామన్నా ఐచెచెక్ బేగం మాట ఎవరు నమ్ముతారు? ముఖమేమో ఎదురుగా పులితోలు మీద ఉందాయె. ఆమె ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. తెరిచేసరికి మునుపటి పెద్దమ్మగారు అయిపోయింది, నడుము నిటారుగా.

"తుల్గన్, నాలుగో కొస మా పుట్టింటి గణానిది కదా? మా అన్న పోయాక అది నాదే కదా?"

"మీదే పెద్దమ్మా."

"నా చేతుల్లో సత్తువ లేదు. నా కొస నా ఇంట్లో ఉప్పు తిన్న అతిథికి అప్పగిస్తున్నాను. ఈ ఒంటెలాయన పడతాడు. ఆనవాయితీ ఒప్పుతుందా?"

తుల్గన్ ఉలిక్కిపడ్డాడు. "ఒప్పుతుంది. కొస పట్టినవాణ్ణి కంబళి దిగేదాకా ఎవరూ ముట్టకూడదు. కానీ అమ్మా..." అతని గొంతు తగ్గింది. "కొస జారి కంబళి నేలను తాకితే, శిక్ష పట్టుకున్నవాడికి కాదు. కొస ఎవరిదో వాళ్లకి. గుర్రం ఇవ్వరు, నిప్పు ఇవ్వరు. మైదానంలోకి నడిపించేస్తారు."

"నాకు చెప్తున్నావా? ఆ చట్టం చేసింది మా తాత." ఆమె లేచి, గట్టిగా కొడుకు మణికట్టు పట్టుకుంది. గడప దగ్గర, ఎవరికీ వినపడకుండా, "గట్టిగా పట్టుకో. నీకు ఎప్పుడు తోస్తే అప్పుడు వదిలెయ్. నా గురించి ఆలోచించకు" అంది.

బయట జనం సముద్రంలా ఉన్నారు. తెల్లకంబళి పచ్చిక మీద పరిచారు. దొంగ ఖాను దాని నడుమ కాళ్లు మడిచి కూర్చున్నాడు. తుల్గన్, మరో ఇద్దరు పెద్దలు మూడు కొసలూ అందుకున్నారు. నాలుగోది కోచ్‌కారు అందుకున్నాడు. తన ముఖాన్ని తనే ఎత్తాల్సి వచ్చింది. ఇంతకంటే వింత ఎక్కడైనా ఉందా!

"ఎత్తండి!"

మొదటి ఎత్తు. జనం హోరెత్తారు. ఖాను దవడ కింద ఏదో బిగిసింది. ఒంటెలవాడి చర్మం ఎముకకు అతుక్కుంటోంది.

"ఎత్తండి!"

రెండో ఎత్తు. ఎముకలు పటపటమన్నాయి. ఎదుట దొంగ ముఖం నిగనిగలాడుతోంది. కారాబక్షి పెదవులు మంత్రం చదువుతున్నాయి.

"ఎత్తండి!"

మూడో ఎత్తు మొదలైంది. కంబళి మోకాళ్లు దాటింది, నడుము దాటింది. ఇప్పుడు వదలాలి. ఇప్పుడే. ఖాను తల్లి వైపు చూశాడు. ఆమె తల ఊపింది. వదలమంది. అతని వేళ్లు వదల్లేదు. ఎలా వదులుతాడు? వసంతమే అయినా ఆ మైదానంలో రాత్రి చలికి గొర్రెపిల్లలే చచ్చిపోతాయి. నిప్పులేని ముసలి ప్రాణం ఏపాటి? రాజ్యం వద్దు, ముఖమూ వద్దు, అమ్మ గుడారం వెనక ఒంటెలు కాసుకుంటూ బతికేస్తాను అనుకున్నాడు. కంబళి భుజాలు దాటింది.

"మొండివెధవా!" అంది ఐచెచెక్ బేగం. ఒక్క ఉదుటున వచ్చి, రెండు చేతులతో అతని వేళ్లు ఒక్కొక్కటే పెకలించి, కొసను లాగి నేలకు కొట్టింది.

కంబళి ఒరిగింది. దొంగ ఖాను బోర్లా పడ్డాడు. పచ్చికకు తగలగానే ముఖం ఊడి జారింది. దాని కింద, కళ్లు చికిలిస్తూ, మీసం కూడా సరిగా రాని మాంత్రికుడి శిష్యుడు! ఆడవాళ్లు కెవ్వుమన్నారు. కారాబక్షి ఒక్క గెంతులో వచ్చి ఆ ముఖాన్ని అంగీలో దోపుకుని, నల్ల రాబందై రెక్కలు విప్పాడు. తుల్గన్ వేసిన బాణం ఒక ఈకను రాల్చింది, అంతే. రాబందు తూర్పున గాజుకొండల వైపు దూసుకుపోయింది. దాంతోపాటే ఓర్దా చుట్టూ తిరుగుతున్న ఇసుక సుడీ చెదిరిపోయింది.

"కోచ్‌కారూ!" తల్లి అందరి ముందూ ఎలుగెత్తి పిలిచింది. "వీడు నా కొడుకు! వీడే!"

తల్లి నోట పేరు వినపడగానే నాలుక మీది శాపం కరిగిపోయింది. "అమ్మా!" అని అతను ఆమె కాళ్ల మీద పడ్డాడు. గొంతు వినగానే తుల్గన్ భోరున ఏడ్చాడు. గుర్రమెక్కేటప్పుడు ఈ గొంతు ఎన్నిసార్లు "తుల్గన్ బాబాయ్, పట్టుకో!" అని అరిచిందో అతనికి గుర్తే.

"నమ్ముతున్నాను బిడ్డా. నాకు నమ్మకమే. కానీ..." అతను కంబళి వైపు చూపించాడు. తెల్లటి ఉన్నికి ఆకుపచ్చ మరక. "నేలను తాకింది. శిక్ష మాఫీ చెయ్యగలిగేది ఖాను ఒక్కడే. మేం ఎత్తిన ముఖంతో వచ్చి చెప్తేనే ఆ మాట చెల్లుతుంది. ఇంతమంది చూస్తుండగా చట్టం తప్పితే రేపు నాలుగు గణాలూ నాలుగు దారులు పడతాయి."

జనం నిశ్శబ్దంగా రెండుగా చీలి దారి ఇచ్చారు. పడమటి దారి. ఇల్లు లేదు, చెట్టు లేదు, గడ్డి ఒక్కటే. ఐచెచెక్ బేగం నడుముకు వేలాడే చెకుముకి సంచి విప్పి తుల్గన్‌కు ఇచ్చింది. చట్టం ప్రకారం అది కూడా ఇచ్చేయాలి.

"నేనూ వస్తానమ్మా. నీతోనే వస్తాను."

"వచ్చి ఏం చేస్తావు, పక్కన కూర్చుని చలికి చస్తావా?" ఆమె అతని గడ్డం పట్టుకుని, ఆ ముడతల ముఖాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "నాకు ఈ ముఖమైనా ఒకటే, ఆ ముఖమైనా ఒకటే. ముఖం కావాల్సింది వీళ్లకి. పో, తెచ్చి వీళ్ల మొహాన కొట్టు. గుర్రం ఎక్కు!"

తుల్గన్ తెచ్చిన గుర్రం మీదికి కోచ్‌కారు ఉరికాడు. తూర్పున రాబందు ఆకాశంలో నల్లటి చుక్కయింది. కళ్లెం గుంజి, ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు. అమ్మ అప్పటికే ఓర్దా చివరి గుడారం దాటేసింది. చేతిలో కర్ర కూడా లేదు. గాలికి కొంగు ఎగురుతోంది. అతను చూస్తాడని ఆమెకు తెలుసు. అందుకే వెనక్కి తిరగకుండా, కొంచెం కూడా వంగకుండా, పడుచుపిల్లలా చకచకా నడిచిపోతోంది.